తులూజ్ వీధుల్లో ఒక భాష జాడ

దక్షిణ ఫ్రాన్సులో గరోన్ నది ఒడ్డున ఉన్న తులూజ్ నగరానికి అక్కడివాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ‘గులాబి ఊరు’. చుట్టుపక్కల కట్టడానికి రాయి దొరకదు. నది మోసుకొచ్చిన బంకమట్టి మాత్రం కావలసినంత ఉంది. అందుచేత రోమనుల నాటి నుంచీ ఆ ఊరివాళ్లు ఇటుకనే నమ్ముకున్నారు. చర్చిలు, షావుకార్ల మేడలు, బడులు అన్నీ ఇటుకతోనే కట్టారు. మన ఇటుకకంటే వెడల్పు, మందం తక్కువ. పొద్దుటి ఎండలో లేత గులాబిగా కనిపించే గోడ మధ్యాహ్నానికి నారింజ రంగుకు తిరుగుతుంది, పొద్దు వాలేవేళకు కాగిన రాగిలా ఉంటుంది.

మా అమ్మాయి, అల్లుడు అక్కడ విమానాల తయారీకి సంబంధించిన ఉద్యోగాలు చేస్తున్నారు. కిందటి వేసవిలో నేను పోయి వాళ్లతో మూడు వారాలున్నాను. హోసూరు ప్రాంతంలో తెలుగు మీడియం పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. ఊరు చూడటమంటే నాకు నడవటమే. పొద్దున్నే కాఫీ తాగి బయలుదేరడం, కాళ్లు నొప్పిపుడితే ఏ చెట్టు కిందో కూర్చోవడం, ఆకలేస్తే ఇంటికి రావడం, ఇంతే నా కార్యక్రమం. ఐదు లక్షల జనాభా దాటిన నగరమైనా, పాత ఊరు మాత్రం ఒక కొన నుంచి మరో కొనకు అరగంట నడక. బడి లేని రోజుల్లో ఏడేళ్ల మనవరాలు నాకు తోడు వచ్చేది. దారిలో బోర్డులు చదివి చెప్పడం దాని పని.

ఆ బోర్డులే నన్ను మొదట ఆపాయి. పాత ఊళ్లో వీధిపేర్లు రెండుసార్లు రాసి ఉంటాయి. ఒకటి ఫ్రెంచి. రెండోదాన్ని చూసి మనవరాలు, “ఇది ఫ్రెంచి కాదు తాతా, కానీ ఫ్రెంచి లాగే ఉంది” అంది. అది ఒక్సితాన్ భాష. ఫ్రెంచి యాస అనుకునేరు, కాదు. లాటిన్ తల్లికి పుట్టిన మరో కూతురు. ఒకప్పుడు ఫ్రాన్సు దక్షిణార్ధమంతా ఇంట్లోనూ బజారులోనూ మాట్లాడిన భాష. ‘అవును’ అనడానికి ఉత్తరాదివాళ్లు ‘ఓయిల్’ అంటే, ఇక్కడివాళ్లు ‘ఓక్’ అనేవాళ్లు. ఆ ‘అవును’ మీదుగానే భాషకూ, లాంగ్‌దోక్ అనే ప్రాంతానికీ పేరొచ్చింది. 2016లో తులూజ్ రాజధానిగా ఏర్పడిన కొత్త పరిపాలనా ప్రాంతానికి ఒక్సితానీ అనే పేరే పెట్టారు. మెట్రో రైల్లో స్టేషను పేరు ముందు ఫ్రెంచిలో, తర్వాత ఒక్సితాన్‌లో చెబుతారు. ఇన్ని చోట్ల కనబడే, వినబడే భాషను మాట్లాడే మనిషి మాత్రం ఆ మూడు వారాల్లో వీధిలో నాకు ఎదురుపడలేదు. ఎందుకిలా అయిందన్నదే నా నడకకు ఒక పనిగా మారింది. నేను చూసినవీ, చదివి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ చెబుతాను. సొంత రాష్ట్రానికి బయట తెలుగు మాట్లాడుకుంటూ బతుకుతున్న మనకు ఈ కథతో పని ఉంది.

ఊరి నడిబొడ్డున కపితోల్ అనే నగరసభ భవనం, దాని ముందు విశాలమైన చౌకు. ముఖద్వారం ఉన్న గోడ పద్దెనిమిదో శతాబ్దపు మధ్యలో కట్టినది. దాని మీద ఎనిమిది పాలరాతి స్తంభాలు. పన్నెండో శతాబ్దం నుంచి 1789 విప్లవం దాకా ఈ ఊరిని పాలించిన ‘కపితూల్’ అనే పౌరపెద్దలకు అవి గుర్తు. రాజు ఎవరైనా తమ ఊరి వ్యవహారం తామే చూసుకున్నామని తులూజ్ వాళ్లకు ఇప్పటికీ ఒక గర్వం. చౌకు నేల మీద పన్నెండు కొనల కంచు శిలువ ఒకటి పరిచారు. అది తులూజ్ ప్రభువుల పాత చిహ్నం, ఇవాళ ఒక్సితాన్ భాషకూ గుర్తు.

ఆ చౌకు నుంచి ఉత్తరంగా ఒక సన్నని వీధి పోతుంది. ఫ్రెంచిలో ‘ర్యూ ద్యు తౌర్’, పక్క బోర్డులో ‘కర్రియేర దెల్ తౌర్’. తౌర్ అంటే ఎద్దు. ఫ్రెంచిలో ఎద్దుకు మాట వేరే ఉంది. అంటే ఫ్రెంచి బోర్డులో కూడా ఉన్నది పాత భాష మాటే. మూడో శతాబ్దంలో సాతుర్నిన్ అనే బిషప్పు రోమను దేవతలకు బలి ఇవ్వనన్నాడట. అతన్ని ఎద్దుకు కట్టి వీధుల్లో ఈడ్పించారని ఐతిహ్యం. తాడు తెగి శవం పడిన చోట ఒక చర్చి, సమాధి చేసిన చోట మరో చర్చి వెలిశాయి. రెండోదే సెయింట్ సెర్నిన్. సాతుర్నిన్ అనే లాటిన్ పేరు ఊరివాళ్ల నోట్లో అరిగి సెర్నిన్ అయింది. 1096లో రెండో అర్బన్ పోపు స్వయంగా వచ్చి ప్రతిష్ఠ చేసిన ఈ చర్చి పొడవు నూటపదిహేను మీటర్లు. పైన ఎనిమిది మూలల గంటస్తంభం, ఐదు అంతస్తులు. స్పెయిన్‌లోని సంత్యాగోకు కాలినడకన పోయే యాత్రికులకు ఇది దారిలో మజిలీ. పెద్ద కర్ర, వీపున మూట పెట్టుకుని ఆ దారి పట్టినవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. మన పళని పాదయాత్రికులు గుర్తొచ్చారు.

ఈ చర్చి కట్టే రోజుల్లోనే ఆ చుట్టుపక్కల ప్రభువుల కొలువుల్లో త్రుబదూర్లనే కవిగాయకులు పుట్టారు. ఐరోపాలో లాటిన్‌ను పక్కనబెట్టి దేశభాషలో ప్రేమ మీద, వీరం మీద, వెక్కిరింత మీద పాట కట్టి, దానికి వరస కూడా తామే కూర్చిన తొలి తరాల వాళ్లు వీళ్లు. ఇటలీ మహాకవి దాంతే తన కావ్యంలో ఆర్నౌత్ దానియేల్ అనే త్రుబదూరును పాత్రగా తెచ్చి, అతని చేత ఇటాలియన్‌లో కాక అతని సొంత భాషలోనే మాట్లాడించాడు. త్యాగయ్య కీర్తన పాడటానికి తెలుగు రానివాళ్లు కూడా తెలుగు నేర్చుకున్నట్టు, ఆనాడు పాట కట్టదలచిన ఇటలీవాళ్లూ, కాటలోనియావాళ్లూ ఈ భాష నేర్చుకున్నారు.

తర్వాత యుద్ధం వచ్చింది. ఈ ప్రాంతంలో కాథర్లనే ఒక క్రైస్తవ శాఖ వ్యాపించింది. రోము దృష్టిలో అది మతద్రోహం. మూడో ఇన్నొసెంట్ పోపు పిలుపు మీద 1209లో ఉత్తరాది ప్రభువులు దండెత్తి వచ్చారు. ఇరవై ఏళ్లు నడిచిన ఆ యుద్ధంలో దండు నాయకుడు సైమన్ ద మోంఫోర్. 1218 జూన్‌లో తులూజ్‌ను ముట్టడిస్తూ, కోట మీది నుంచి వచ్చిన రాయి తలకు తగిలి అక్కడికక్కడే చనిపోయాడు. రాళ్లు విసిరే ఆ యంత్రాన్ని నడిపినది ఊరి ఆడవాళ్లని, ఆ యుద్ధం మీద ఒక్సితాన్‌లోనే రాసిన వీరగాథ చెబుతోంది. అయినా చివరికి ఊరు నెగ్గలేదు. 1229లో సంధి జరిగింది. ఆ సంధి షరతుల్లో భాగంగానే తులూజ్‌లో విశ్వవిద్యాలయం పెట్టారు. ఓడినవాళ్లకు సరైన మతం నేర్పడం దాని మొదటి ఉద్దేశం. 1271లో వారసులు లేక తులూజ్ సంస్థానం ఫ్రెంచి రాజు సొత్తయిపోయింది.

ఆ కాలపు గుర్తు జాకోబిన్ మఠం. 1215లో ఈ ఊళ్లోనే పుట్టిన డొమినికన్ సన్యాసుల చర్చి అది. బయటి నుంచి చూస్తే అలంకారం లేని ఎత్తయిన ఇటుక గోడ. లోపలికి పోతే వరసగా సన్నని రాతిస్తంభాలు, తూర్పు కొనన ఉన్న చివరి స్తంభం నుంచి ఇరవైరెండు రాతి ఈనెలు తాటిమట్టల్లా నలుదిక్కులా విచ్చుకుంటాయి. వాళ్లూ దాన్ని ‘తాటిచెట్టు’ అనే పిలుస్తారు. మనవరాలు నేల మీద వెల్లకిలా పడుకుని ఆ మట్టలు రెండుసార్లు లెక్కపెట్టింది. నెపోలియన్ కాలంలో ఈ చర్చిని సైన్యానికి బారకాసులుగా ఇచ్చి లోపల గుర్రాలు కట్టారు. ఇప్పుడు మళ్లీ శుభ్రం చేసి, తామస్ అక్వినాస్ అస్థికలను యథాస్థానంలో ఉంచారు.

రాజ్యం పోయింది, పరాయి ఏలుబడి వచ్చింది, కాబట్టి భాష అప్పుడే పోయి ఉంటుందని అనుకుంటాం. పోలేదు. అసలు విశేషం అక్కడే ఉంది. రాజ్యం పోయిన యాభై ఏళ్లకు, 1323లో, ఏడుగురు తులూజ్ పౌరులు ఒక తోటలో కూడి సాహిత్య సభ పెట్టుకున్నారు. మర్నాటి మే నెలలో కవులందరూ వచ్చి పద్యాలు చదవాలని, గెలిచినవాళ్లకు బంగారంతో చేసిన వయొలెట్ పువ్వు బహుమానమని దేశమంతా పద్యంలోనే ఆహ్వానం పంపారు. ఆ 1323 మనకూ గుర్తుండే సంవత్సరమే. ఓరుగల్లు కోట ఢిల్లీ సైన్యాల చేతికి చిక్కి ప్రతాపరుద్రుడు బందీ అయినది ఆ ఏడే. ఒకరి సంగతి మరొకరికి తెలియని రెండు దేశాల్లో ఒక చోట రాజ్యం కూలుతూ ఉంటే, మరో చోట కూలిన రాజ్యం వాళ్లు భాషకు దిట్టమైన గోడ కట్టుకునే పనిలో ఉన్నారు. ఆ సభవాళ్లు వ్యాకరణం, ఛందస్సు, అలంకారం కలిపి ‘లేయ్స్ దామోర్స్’ అనే పెద్ద శాస్త్రగ్రంథం రాయించారు. ‘ప్రేమ శాసనాలు’ అని దాని అర్థం. ప్రేమంటే వాళ్ల లెక్కలో కవిత్వమే. మన కేతన ‘ఆంధ్రభాషాభూషణం’ రాసి అప్పటికి కొన్ని దశాబ్దాలు మాత్రమే అయింది.

ఆ సభ ఇప్పటికీ ఉంది. పేరు ‘పూలపోటీల అకాడమీ’. ఐరోపాలోని సాహిత్య సంస్థల్లో అతి పాతవాటిలో ఒకటి. అది ఉన్న మేడ పేరు ఓతెల్ దసేజా. ఓతెల్ అంటే మన హోటలు కాదు, షావుకారు మేడ. కానీ ఈ సభ చరిత్రలో ఒక మలుపు ఉంది. పదహారో శతాబ్దం వచ్చేసరికి సభలోకి ఫ్రెంచి పద్యాలు వచ్చాయి. వచ్చిన ఫ్రెంచి మెల్లగా కుర్చీలన్నీ ఆక్రమించుకుంది. 1694లో పద్నాలుగో లూయీ దాన్ని రాజముద్ర ఉన్న అకాడమీగా మార్చేనాటికి ఒక్సితాన్ గడప బయటే ఉంది. 1819లో ఇక్కడ బహుమతులు పొందిన పదిహేడేళ్ల విక్టర్ హ్యూగో రాసింది ఫ్రెంచిలోనే. ఏ భాష కోసం సభ పుట్టిందో ఆ భాషలో రాసిన పద్యాన్ని 1895లో గాని మళ్లీ లోపలికి రానివ్వలేదు.

ఇది ఎవరు చేశారు? 1539లో ఫ్రెంచి రాజు మొదటి ఫ్రాన్స్వా విలేర్ కొత్రే అనే చోట ఒక శాసనం చేశాడు. కోర్టు తీర్పులు, దస్తావేజులు ఇక లాటిన్‌లో కాదు, ఫ్రెంచిలో ఉండాలని దాని సారం. ఇంట్లో ఏ భాష మాట్లాడాలో అది చెప్పలేదు. కాని తులూజ్‌లో పెద్ద న్యాయస్థానం ఉంది. వకీళ్లు, గుమాస్తాలు, వాళ్ల పిల్లలు, ఆ పిల్లలకు సంబంధాలు చూసేవాళ్లు ఫ్రెంచి వైపు తిరిగారు. కత్తి పట్టి ఎవరూ బలవంతపెట్టలేదు. కవుల సభ కూడా అదే తోవలో నడిచింది. ఇరవై ఏళ్లు పోరాడి కాపాడుకున్నదాన్ని ఉద్యోగం కోసం నెమ్మదిగా వదిలిపెట్టారు.

ఆ మేడ సంగతి వచ్చింది కాబట్టి, దాన్ని కట్టించిన అసేజా అనే వర్తకుడి డబ్బు గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. ఆ డబ్బంతా నీలం రంగుది. తులూజ్ చుట్టూ ‘పాస్తెల్’ అనే మొక్క పండించేవాళ్లు. ఆకులను గానుగలో నూరి, పిడికెడు ముద్దలు చేసి, నెలల తరబడి ఆరబెట్టి, మళ్లీ పొడిచేసి పులియబెడితే బట్టలకు వేసే నీలిరంగు వచ్చేది. ఆ ముద్దను ‘కొకాన్య’ అనేవాళ్లు. ‘కొకాన్య దేశం’ అంటే ఫ్రెంచిలో ఇప్పటికీ పాలుతేనెలు పొర్లే దేశమని అర్థం. ఊళ్లోని గొప్ప మేడలన్నీ ఆ వందేళ్లలో లేచినవే. అసేజా 1555లో మేడ మొదలుపెట్టాడు. ప్రొటెస్టెంటు కావడం చేత 1562 మతకలహాల్లో ఊరు వదిలి పారిపోవలసి వచ్చింది. అదే కాలంలో పాస్తెల్ ధర కూడా పడిపోయింది. దాని మీద చివరి దెబ్బ వేసింది మన దేశపు నీలిమందు. నీలిచెట్టు ఆకులో రంగు పాస్తెల్‌లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. సముద్రం మీద వచ్చే ఈ సరుకును ఆపడానికి 1609లో నాలుగో హెన్రీ రాజు నీలిమందు వాడితే మరణదండన అని శాసించాడు. 1737లో ఆ కట్టు సడలించక తప్పలేదు. అప్పట్లో ఐరోపాకు పోయిన నీలిమందు ముఖ్యంగా గుజరాత్, ఆగ్రా దగ్గరి బయానా ప్రాంతాలది, తర్వాత అమెరికా తోటలది. మచిలీపట్నం రేవు ఎగుమతుల్లోనూ నీలిమందు ఉండేది. తులూజ్ గోడల గులాబిరంగుకూ, మన నీలిచేలకూ ఇలాంటి వెనకటి లెక్క ఒకటుందని నాకు అక్కడికి పోయేదాకా తెలియదు.

పెద్దలు వదిలినా సామాన్యులు వదల్లేదు. కపితోల్‌కు కొద్ది దూరంలో విల్సన్ చౌకు ఉంది. గుండ్రటి తోట, మధ్య నీటితొట్టి, తొట్టి మీద ఒక కవి విగ్రహం. ఆయన పియెర్ గుదులి. 1580లో పుట్టి 1649లో పోయాడు. న్యాయశాస్త్రం చదువుకుని కూడా ఊరి భాషలోనే రాశాడు. 1617లో ఆయన తెచ్చిన పుస్తకానికి ‘తులూజ్ పూలగుత్తి’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. అకాడమీ ముఖం తిప్పుకున్న భాష బజార్లో, రేవులో, చాకిరేవులో మరో మూడు వందల ఏళ్లు హాయిగా బతికింది. ‘మల్ కుజినాత్’ అనే సందు పేరు అప్పటి మాటే. వండిన తిండి అమ్మే అంగళ్లు అక్కడ ఉండేవట. పేరుకు అర్థం ‘పాడు వంట’. ఆ సందులోనే ఇవాళ ఒక్సితాన్ సంఘాల కార్యాలయం ఉండటం చూసి నాకు నవ్వొచ్చింది.

సాయంత్రాలు గరోన్ ఒడ్డుకు పోయేవాళ్లం. అక్కడి పెద్ద వంతెన పేరు ‘కొత్త వంతెన’. నిజానికి ఊళ్లో అన్నిటికంటే పాతది అదే. 1544లో మొదలుపెట్టి 1632కు ముగించారు. స్తంభాల్లో గుండ్రటి కంతలు వదిలారు, వరదనీరు దారి చేసుకుని పోవడానికి. ఆ ముందుచూపు 1875 జూన్‌లో పనికొచ్చింది. ఆనాటి వరదకు అవతలి గట్టు పేట మునిగి రెండు వందలమందికి పైగా చనిపోయారు, మిగతా వంతెనలు కొట్టుకుపోయాయి, ఇది నిలిచింది. గోదావరి వరద చూసిన యానాం పాఠకులకు ఈ దృశ్యం వర్ణించి చెప్పనక్కరలేదు. ఆ రాత్రి పేటవాళ్లు ఒకరినొకరు కేకలేసి పిలుచుకున్న భాష చాలావరకు ఒక్సితానే అయి ఉంటుంది. ఆ పిల్లల మనవల నాటికి అది ఇళ్లలోంచి వెళ్లిపోయింది. ఈ పని యుద్ధంతోనో వరదతోనో జరగలేదు. బడితో జరిగింది.

బీజం విప్లవంలో పడింది. 1794లో గ్రెగ్వార్ అనే పాద్రి జాతీయ సభకు ఒక నివేదిక ఇచ్చాడు. దేశంలో ఫ్రెంచిని శుద్ధంగా మాట్లాడగలిగేవాళ్లు ముప్పై లక్షలకు మించరని, కనీసం అరవై లక్షలమందికి అసలు రాదని లెక్క చెప్పాడు. మిగతా భాషలను నిర్మూలించాలన్నది ఆ నివేదిక సారాంశం. ఆయన దుర్మార్గుడు కాడు. బానిసత్వం రద్దుకు, యూదుల హక్కులకు పోరాడినవాడు. ప్రజలందరికీ చట్టం అర్థం కావాలి, అందరూ సమానం కావాలి, అందుకు ఒకే భాష ఉండాలన్నది ఆయన నమ్మకం. మంచి ఉద్దేశంతోనే ఒక భాషకు ఎసరు పెట్టవచ్చునని దీనివల్ల తెలుస్తుంది. ఆ కోరిక తీరడానికి ఎనభై ఏళ్లు పట్టింది. 1881, 1882లలో జూల్ ఫెర్రీ చట్టాలతో ప్రాథమిక విద్య ఉచితం, నిర్బంధం అయింది. బోధన ఫ్రెంచిలోనే. బళ్లో ఇంటి భాష మాట్లాడిన పిల్లవాడి చేతికి ఒక కొయ్యముక్కో, మెడలో ఒక పాత చెప్పో తగిలించేవాళ్లు. వాడు ఇంకొకణ్ణి పట్టిచ్చి దాన్ని వదిలించుకోవాలి. సాయంకాలం అది ఎవరి దగ్గర మిగిలితే శిక్ష వాడికి. భాషను ఆ పేరుతో పిలవడం మానేసి ‘పత్వా’ అన్నారు. అంటే మోటుమాట. ఆ అనుభవానికి ఒక్సితాన్‌లో ఒక మాట స్థిరపడింది. ‘వెర్గోన్య’, సిగ్గు.

నది ఒడ్డున బెంచీ మీద ఎనభై దాటిన ఒక పెద్దాయనతో అమ్మాయి దుబాసీతనంలో కాసేపు మాట్లాడాను. మీకు ఒక్సితాన్ వస్తుందా అని అడిగించాను. “అర్థమవుతుందండీ, మాట్లాడలేను. మా అవ్వ పక్కింటావిడతో, కోళ్లతో, కుక్కతో ఆ భాషలోనే మాట్లాడేది. నా వైపు తిరగగానే ఫ్రెంచిలోకి మారేది. నేను బాగుపడాలని ఆమె కోరిక” అన్నాడు. కాసేపాగి, “బాగుపడ్డాను కూడా” అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఎవరిమీద ఫిర్యాదు చెయ్యాలో తెలియని దిగులు ఉంది.

సాహిత్యం లేక ఆ భాష దెబ్బతిన్నదని అనడానికి వీల్లేదు. మన రవీంద్రుడికంటే తొమ్మిదేళ్ల ముందే, 1904లో, ఒక్సితాన్‌లోని ప్రొవెన్సు మాండలికంలో రాసిన ఫ్రెదెరిక్ మిస్త్రాల్‌కు నోబెల్ బహుమతి సగం వచ్చింది. ఆయన గొప్ప నిఘంటువు కూడా కూర్చాడు. కవులు, వ్యాకరణం, ఆరు శతాబ్దాల సభ, నోబెల్ అన్నీ ఉన్నాయి. అవ్వ మనవడితో మాట్లాడటం మానేసిన చోట ఇవేవీ అడ్డుపడలేకపోయాయి. 2020లో జరిగిన ఒక సర్వే ప్రకారం ఆ ప్రాంతాల్లో ఒక్సితాన్ మాట్లాడగలమన్నవాళ్లు నూటికి ఏడుగురు. అందులో ఎక్కువమంది వృద్ధులు.

ప్రయత్నాలు లేకపోలేదు. 1979 నుంచి ‘కలంద్రేత’ అనే పేరుతో తల్లిదండ్రులే పెట్టుకున్న బళ్లు నడుస్తున్నాయి. అక్కడ లెక్కలు, ఆటలు, పాటలు అన్నీ ఒక్సితాన్‌లోనే. చట్టం మాత్రం వాళ్లకు సులువుగా లేదు. ‘రిపబ్లిక్ భాష ఫ్రెంచి’ అనే వాక్యాన్ని 1992లో రాజ్యాంగంలో చేర్చారు. 2008లో ప్రాంతీయ భాషలు ఫ్రాన్సు వారసత్వమని మరో వాక్యం చేర్చారు. 2021లో ఇలాంటి బళ్లకు ఊతమిచ్చే చట్టం పార్లమెంటులో నెగ్గితే, పూర్తిగా ప్రాంతీయ భాషలోనే బోధించే పద్ధతి ఆ 1992 వాక్యానికి విరుద్ధమని రాజ్యాంగ మండలి ఆ భాగాన్ని కొట్టేసింది.

ఇక్కడ యానాం గుర్తుకు రాక తప్పదు. పద్దెనిమిదో శతాబ్దం నుంచి 1954 దాకా అదే ఫ్రెంచి ప్రభుత్వం యానాంలో ఉంది. దొరతనం కాగితాలు ఫ్రెంచిలో నడిచాయి. ఊళ్లో మాత్రం తెలుగు చెక్కుచెదరలేదు. ఇవాళ పుదుచ్చేరి చట్టం ప్రకారం యానాంలో తెలుగు అధికార భాష కూడా. తులూజ్‌లో రెండు మూడు తరాల్లో జరిగినది యానాంలో రెండు వందల ఏళ్లకు పైగా ఎందుకు జరగలేదు? ఫ్రెంచివాళ్లకు తెలుగు మీద ప్రేమ ఉండి కాదు. యానాంలో ప్రతి బిడ్డా ఫ్రెంచిలోనే బతకాలని వాళ్లు పట్టుబట్టలేదు, ఆ అవసరమూ వాళ్లకు లేదు. ఏ అవ్వా మనవడి భవిష్యత్తు కోసం తెలుగు మానుకోవలసిన స్థితి రాలేదు. పరాయి రాజు భాషను చంపుతాడన్న మన సాధారణ నమ్మకం ఈ రెండు ఊళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే నిలబడదు. పిల్లవాడి బాగుకు ఈ భాష అడ్డమని సొంతవాళ్లు నమ్మిన రోజునే దానికి ప్రమాదం.

ఇక మన సంగతి. మనకు చట్టం ఫ్రాన్సులో లాగా ఎదురుగా లేదు. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని రాష్ట్రాలను కోరుతోంది. అమలు ఎక్కడ ఎంత అన్నది వేరే చర్చ, దాని మీద పోరాడవలసిందే. కాని ఇంగ్లీషు బడి గేటు దగ్గర వరసలో నిలుచున్నది ఏ రాజూ కాదు, మనమే.

ఒక పెద్ద తేడా కూడా ఉంది. తులూజ్‌లో అక్షరం మిగిలింది, నోరు పోయింది. బోర్డుల మీద, అకాడమీలో, గ్రంథాలయాల్లో భాష భద్రంగా ఉంది, ఇంట్లో లేదు. మన దగ్గర దీనికి తలకిందులు. కోయంబత్తూరు, మదురై, కోవిల్‌పట్టి వైపు వందల ఏళ్లుగా ఉన్న తెలుగు ఇళ్లలో నోరు ఇంకా ఉంది. అవ్వ మనవరాలితో తెలుగులోనే కసురుకుంటుంది, తెలుగులోనే జోకొడుతుంది. కానీ చాలా ఇళ్లలో అక్షరం వచ్చినవాళ్లు లేరు. తంజావూరు సరస్వతీ మహల్‌లో తెలుగు తాళపత్రాలు దొంతరలుగా ఉన్నాయి. ఆ ఊరి తెలుగువాళ్లలోనే వాటి మీది పేరు కూడబలుక్కుని చదవగలవాళ్లు తక్కువ. పోయిన నోటిని తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో నలభై ఏళ్లుగా కలంద్రేత బళ్లు చూపిస్తున్నాయి. పోయిన అక్షరాన్ని తెచ్చుకోవడం అంత కష్టం కాదు. మాట తెలిసిన బిడ్డకు యాభైఆరు అక్షరాలు, గుణింతాలు నేర్పడానికి రెండు మూడు నెలలు చాలునని నా సర్వీసులో ఎన్నోసార్లు చూశాను.

తులూజ్‌లో ఉన్న రోజుల్లోనే మనవరాలికి ఆ పని మొదలుపెట్టాను. బోర్డుల మీద రెండు భాషలు చదివే పిల్లకు మూడోది భారం కాలేదు. నేను తిరిగొచ్చేనాటికి గుణింతాలు దాటి ఒత్తుల దగ్గరికి వచ్చింది. మిగిలినది ఫోనులో నడుస్తోంది. దీనికి సంఘం, సభ, చందా ఏమీ అక్కరలేదు. బళ్లకు సెలవులిచ్చే మే నెలలో, రోజుకు ఒక గంట, ఇంటి అరుగు మీద ఒక పలక, పక్కింటి పిల్లలు నలుగురు ఉంటే చాలు.